బరువెక్కిన ఇంటికి పండుగ వేళ తోడు నిలవడం ఎలా: సంక్రాంతికి ముందు నుంచి తర్వాత దాకా

"ఎదురింట్లో ఈ ఏడాది పెద్దాయన పోయారు. సంక్రాంతికి వెళ్లి పలకరించాలా, వాళ్ల మానాన వాళ్లను వదిలేయాలా?" "అప్పుల్లో ఉన్న తమ్ముడి పిల్లలకు బట్టలు తీసుకెళితే వాడు చిన్నబుచ్చుకుంటాడేమో?" "పిల్లలిద్దరూ విదేశాల్లో ఉన్న మా అత్తయ్య పండుగకు రమ్మంటే రానంటోంది, ఏం చేయాలి?" ధనుర్మాసం మొదలైందంటే ఇలాంటి ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. అడిగేవారందరికీ సాయం చేయాలనే ఉంది. ఎప్పుడు వెళ్లాలో, ఏమనాలో, ఏం పట్టుకెళ్లాలో తెలియక ఆగిపోతున్నారు.

వారి కోసమే ఈ మార్గదర్శి. తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లనూ ఇక్కడి అలవాట్లనూ దృష్టిలో పెట్టుకుని రాశాను. సంక్రాంతిని ఆధారంగా తీసుకున్నా, దసరాకూ దీపావళికీ ఇదే వరస పనికొస్తుంది. సాయం ఎంత చిన్నదైనా ఫలానా రోజు, ఫలానా పని అని తేలిపోవాలి. పండుగకు ముందే మొదలై, పండుగ వెళ్లాక కూడా సాగాలి. కింద చెప్పినదంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది.

1. ముందు ఎవరికి తోడు కావాలో చూసుకోండి

ధనుర్మాసం సుమారు డిసెంబరు 16న మొదలై భోగితో ముగుస్తుంది. చేతిలో నాలుగు వారాలు ఉంటాయి. మొదటి వారంలోనే మీ వీధి, మీ బంధువులు, మీతో పనిచేసేవారిని ఒకసారి మనసులో తిప్పుకోండి.

- ఈ ఏడాది మనిషి పోయిన ఇల్లు
- పంట, పాడి, వ్యాపారం దెబ్బతిని అప్పుల్లో ఉన్న ఇల్లు. తోతాపురి మామిడికి గిట్టుబాటు లేని ఏడాది మన పల్లెల్లో ఇలాంటి ఇళ్లు ఎక్కువగా కనబడతాయి
- పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో విదేశాల్లోనో ఉండి ఒంటరిగా మిగిలిన పెద్దలు
- భర్త నుంచి విడిపోయి పుట్టింట్లో ఉంటున్న ఆడపిల్ల
- తాగుడు మానడానికి ప్రయత్నిస్తున్న మనిషి, అతని కుటుంబం
- ముక్కోటి ఏకాదశి నుంచి సంక్రాంతి దాకా రద్దీ వల్ల సెలవు దొరకని లాడ్జి, హోటల్ సిబ్బంది, డ్రైవర్లు, నర్సులు. ఊరికి వెళ్లలేక హాస్టల్లో ఉండిపోయిన విద్యార్థులు

వీరిలో ఒక్కరినో ఇద్దరినో ఎంచుకోండి. పది ఇళ్లకు తలా ఐదు నిమిషాలు తిరగడం కంటే ఒక ఇంటికి నెల రోజులు ఆసరాగా ఉండటం మేలు. మిగతా వారి సంగతి అక్కచెల్లెళ్లకో స్నేహితులకో పంచండి. "అందరం చూసుకుందాం" అనుకున్న ఇంటికి ఎవరూ వెళ్లరు. ఫలానా ఇల్లు ఫలానా వారిది అని పేరు పెట్టి అనుకోవాలి.

2. ఆ ఇంటి పద్ధతి కనుక్కోండి

మనిషి పోయిన ఇంటి విషయంలో ఇది తప్పనిసరి. కొందరు ఏడాది పొడవునా పండుగ చేయరు. కొందరు పోయాక వచ్చే మొదటి పండుగ ఒక్కటే వదిలేస్తారు. కొన్ని ఇళ్లలో పూజ ఉంటుంది గానీ పొయ్యి మీద నూనె బాణలి పెట్టరు. చుట్టాలు చేసి తెస్తే తింటారు. మరికొందరు అదీ ఒప్పుకోరు. అరిసెల డబ్బాతో గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరగడం ఇద్దరికీ ఇబ్బందే.

దుఃఖంలో ఉన్నవారినే ఈ వివరాలన్నీ అడగకండి. వారి పాలివాళ్లలో ఒక పెద్దావిడను అడిగితే రెండు నిమిషాల్లో చెబుతారు. ఏం అడగాలంటే:

- ఇంట్లో ఈసారి ఏం చేస్తున్నారు, ఏం వదిలేస్తున్నారు?
- బయటి నుంచి పిండివంటలు తీసుకుంటారా? వండిన అన్నం తీసుకుంటారా?
- పిల్లలకు కొత్తబట్టలు, భోగిపళ్లు ఉన్నాయా?
- ఏ పూట మనుషులు వస్తే బాగుంటుంది?

భర్త పోయిన ఆవిడ విషయంలో మరికాస్త జాగ్రత్త కావాలి. పసుపు కుంకుమల పేరంటానికి పిలవాలా వద్దా అని తేల్చుకోలేక చాలామంది అసలు పలకరించకుండానే ఊరుకుంటారు. అంతకంటే పెద్ద గాయం లేదని నా గట్టి నమ్మకం. నలుగురి ముందు కాకుండా, ముందే ఒంటరిగా అడగండి: "వదినా, శుక్రవారం మా ఇంట్లో పేరంటం. నువ్వు రావాలని నాకుంది. రావాలనిపించకపోతే మరునాడు నేనే వస్తాను, ఇద్దరం కలిసి భోంచేద్దాం." వస్తానంటే, వచ్చిన రోజు అందరితో సమానంగా తాంబూలం ఇవ్వండి. మీ ఇంటి పెద్దలతో ఆ సంగతి ముందే మాట్లాడి పెట్టుకోవడం మీ బాధ్యత.

3. మొదటి మాట

పండుగకు కనీసం రెండు వారాల ముందు వెళ్లండి. భోగి రోజున మొదటిసారి కనబడితే అది మర్యాదకు వచ్చినట్టు ఉంటుంది. ఉదయం వంట హడావిడి తగ్గాక, పదకొండు ప్రాంతంలో, లేదా సాయంత్రం నాలుగు గంటల వేళ వెళితే కూర్చుని మాట్లాడే వీలుంటుంది. అరగంట చాలు.

మాట దొరకకపోతే చేతికి పని కల్పించుకోండి. ఈ కాలంలో మన వైపు ప్రతి ఇంటికీ అనపకాయలు వస్తాయి. ఒక కిలో కొని, ఒలిచి, రాత్రి నానబెట్టి, మరునాడు ఆ గిన్నె పట్టుకుని వెళ్లండి. "పితికిపప్పు చేద్దామని తెచ్చాను, ఒక్కదాన్నే అయితే తెమలదు" అని ముందు పెట్టండి. బొటనవేలితో నొక్కితే గింజ జారి గిన్నెలో పడుతుంది, పొట్టు చేతిలో మిగులుతుంది. అలా పితుకుతూ కూర్చున్నప్పుడు ఎదుటివారు మీ ముఖం చూడనక్కర్లేదు, వెంటనే బదులు చెప్పనక్కర్లేదు. చాలామంది నోరు విప్పేది అలాంటప్పుడే. మగవారైతే తోటలో నీళ్లు కడుతూ పక్కన నిలబడటం, బండి మీద ఊళ్లోకి వెళ్లిరావడం అదే పని చేస్తాయి.

అనకూడని మాటలు, వాటి బదులు అనదగినవి:

- "అంతా దేవుడి లీల, మనం ఏం చేస్తాం?" బదులు: "మామయ్య లేని పండుగ ఇది. నాకే మనసొప్పడం లేదు, నీకెలా ఉంటుందో."
- "ఇంకా ఎన్నాళ్లు ఏడుస్తావు? పిల్లల కోసమైనా ధైర్యం తెచ్చుకో." బదులు: "ఏడుపొస్తే ఏడువు. నేను కూర్చుంటాను."
- "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు ఎందరో." దీనికి బదులు మాట ఏదీ లేదు. ఊరుకోండి.
- "ఏమైనా కావాలంటే మొహమాటపడకుండా చెప్పండి." బదులు: "రేపు పొద్దున రైతుబజారుకు వెళుతున్నాను. మీకూ కూరగాయలు తెస్తాను. గుమ్మడికాయ సగం చాలా, మొత్తం కావాలా?"

ఈ చివరిది మంచి మనసుతోనే అంటాం. కానీ అడగాల్సిన బరువు మళ్లీ వారి మీదే పడుతుంది. నోరు తెరిచి అడగడమే చేతకాని స్థితిలో ఉన్నారు వాళ్లు. "తేనా, వద్దా" అనిపించేలా కాకుండా "ఇంతా, అంతా" అని అడిగితే జవాబు సులువవుతుంది.

పోయినవారి పేరు ఎత్తడానికి భయపడకండి. పేరు ఎత్తితే దుఃఖం గుర్తొస్తుందని అనుకుంటాం. వారు మరిచిపోయి ఉంటే కదా గుర్తు రావడానికి!

4. పనిగా చేసే సాయం

ఓదార్పు కంటే ఎక్కువ కాలం నిలిచేది ఇదే. పండుగ ముందు వారాల్లో ఇంటి పనులు రెట్టింపవుతాయి, చేసే చేతులు మాత్రం తగ్గిపోయి ఉంటాయి. బూజు దులపడం, గ్యాస్ బుక్ చేయడం, పిల్లలను బడి నుంచి తీసుకురావడం, పెద్దవారిని ఆసుపత్రికి తీసుకెళ్లడం, వీటిలో ఒకటి రెండు మీవి చేసుకోండి.

మనిషి పోయిన ఇంట్లో కాగితాల పని చాలా మిగిలి ఉంటుంది. చదువుకున్నవారు ఒక పూట కూర్చుంటే ఆ ఇంటికి ఏడాది భారం తగ్గుతుంది.

- మరణ నమోదు జరిగిందా? చట్టప్రకారం 21 రోజుల్లోపు చేయించాలి. దాటిపోయినా చేయించవచ్చు, ఆలస్యమైన కొద్దీ రుసుము, అనుమతులు పెరుగుతాయి. పల్లెలో గ్రామ సచివాలయంలో, పట్టణంలో వార్డు సచివాలయంలో అడగండి.
- పోయినవారి బ్యాంకు పాస్‌బుక్కు ప్రింటు వేయించి చూడండి. మే, జూన్ నెలల్లో 436 రూపాయలు తగ్గి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. 20 రూపాయలు తగ్గి ఉంటే సురక్ష బీమా, అది ప్రమాదానికి. ఆ బీమా అమలులో ఉండగా మరణం జరిగి ఉంటే, ఒక్కో దానిలో నామినీకి 2 లక్షల రూపాయలు రావాలి. ఖాతాలో ఎప్పుడో కట్ అయిన ఆ చిన్న మొత్తం సంగతి ఇంట్లో వారికి తెలియకపోవడం మామూలే. మరణ ధ్రువపత్రంతో వెంటనే బ్యాంకుకు వెళ్లాలి.
- పింఛను, రేషన్ కార్డు, భూమి పాసుపుస్తకం, చీటీ పాట, బంగారం తాకట్టు రసీదులు. ఒక నోటుపుస్తకంలో వరసగా రాసి, ఏది ఎక్కడుందో పక్కన గుర్తు పెట్టండి.

సంతకాలు పెట్టించే ముందు ప్రతి కాగితం చదివి వినిపించండి. కాగితాలు మీ ఇంటికి తీసుకెళ్లకండి.

5. డబ్బు సాయం, పరువు పోకుండా

అప్పుల్లో ఉన్న ఇంటికి పండుగ అంటే పిల్లల కొత్తబట్టలు, ఇంటికొచ్చే అల్లుడి మర్యాద, వాకిట్లో నిలబడే అప్పులవాడు. ఈ మూడూ ఒకేసారి వస్తాయి.

ఇవ్వదలుచుకుంటే ఇచ్చేయండి, తిరిగి అడగనని మనసులో తేల్చుకున్నాకే ఇవ్వండి. అప్పుగా ఇచ్చి పండుగ వెళ్లాక గుర్తుచేసేవారి జాబితాలో మీరొకరు చేరవద్దు. బట్టలైతే పిల్లల కొలతలు తల్లిని అడిగి, భోగికి వారం ముందే, ఎవరూ లేని వేళ ఆమె చేతికే ఇవ్వండి. పిల్లల దృష్టిలో అవి అమ్మానాన్న కొన్నవే కావాలి. ఫొటో తీయకండి, తీసి ఎవరికీ పంపకండి.

కొనుగోలు ఇంకా మంచి దారి. ఆ ఇంట్లో పాడి ఉంటే పండుగ పాలు, నెయ్యి అక్కడే తీసుకోండి. ఆవిడ చేతివంట బాగుంటే మీ ఇంటికీ మీ ఆఫీసువారికీ మురుకులు, అరిసెలు అక్కడే చెప్పండి. బెల్లం, బియ్యం, నూనెకు సరిపడా ముందే డబ్బు ఇవ్వండి, బేరం ఆడకండి.

అప్పుల లెక్క ఒకసారి కలిసి రాయండి: ఎవరికి, అసలు ఎంత, వడ్డీ ఎంత, ఏది తాకట్టులో ఉంది, ఎప్పుడు కట్టాలి. తలలో తిరుగుతున్నప్పుడు అంతులేనిదిగా కనిపించేది కాగితం మీదకు వచ్చాక ఒక అంకె అవుతుంది. పాత అప్పు తీర్చడానికి కొత్త లోన్ యాప్ జోలికి పోకుండా ఆపండి. యాప్‌వాళ్లు ఫొటోలు మార్చి బెదిరిస్తుంటే 1930కి ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వాలి. వచ్చిన సందేశాలు చెరిపేయకుండా ఉంచాలి.

6. భోగి ముందు సరిచూసుకోవలసినవి

- ఇంట్లో ఏం తింటారు, ఏం తినరు తెలిసింది
- మూడు రోజుల్లో ఏ పూట మీరు వెళతారో వారికి చెప్పేశారు
- బీపీ, షుగరు, మానసిక వైద్యానికి వాడే మందులు కనీసం పది రోజులకు సరిపడా ఉన్నాయి. పండుగకు మందుల షాపులు కొన్ని మూసేస్తారు. ఉపవాసమని, పూజ అని ఈ మందులు తమంతట తాము మానకూడదు
- ఒంటరి పెద్దల ఫోనులో పిల్లల వీడియో కాల్ పనిచేస్తోంది. మీరు దగ్గరుండి ఒకసారి చేయించి చూశారు
- అత్యవసర నంబర్లు పెద్ద అంకెలతో కాగితం మీద రాసి గోడకు అంటించారు: అంబులెన్సుకు 108, పోలీసులకు 112, మనోవేదనకు 14416, మహిళలకు 181, వృద్ధులకు 14567

7. మూడు రోజులు

భోగి నాడు పిల్లల సంగతి చూడండి. పెద్దల దుఃఖం పిల్లల పండుగను పూర్తిగా మింగేయకూడదు. తల్లి ఒప్పుకుంటే పిల్లలను మీ ఇంటికి తీసుకెళ్లి భోగిమంట దగ్గర నిలబెట్టండి. గాలిపటాలు ఎగరేయనివ్వండి. నవ్వినందుకు వాళ్లు తప్పుచేసినట్టు భావించకుండా చూడాలి.

సంక్రాంతి నాడు మన ఇళ్లలో పెద్దలకు పెట్టుకుంటాం. ఫొటో ముందు కొత్తబట్టలు, వారికిష్టమైన వంట, ఆకు వేసి నైవేద్యం. ఆ ఫొటోల వరసలో ఈసారి కొత్తగా ఒకటి చేరుతుంది. ఆ కార్యక్రమం జరిగేంతసేపు ఇంట్లో వారు నిలదొక్కుకుంటారు. చేయాల్సినవి ఉంటాయి, చుట్టూ మనుషులుంటారు. ఆకు తీసేశాక, మధ్యాహ్నం రెండు నుంచి చీకటి పడే దాకా ఇల్లు చల్లబడుతుంది. మీరు వెళ్లాల్సిన వేళ అది. భోజనం చేశారా అని చూడండి, లేకపోతే తినేదాకా కూర్చోండి. మీ ఇంటి సందడి కబుర్లు, కొత్త చీరల ఊసు అక్కడ వద్దు.

కనుమ పశువుల పండుగ. చంద్రగిరి చుట్టుపక్కల ఆ రోజు ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. అప్పుల కోసం ఆవులను అమ్ముకున్న రైతుకు మాత్రం ఖాళీ పాక చూస్తూ ఇంట్లో ఉండాల్సిన రోజు. అలాంటి మనిషిని పొద్దున్నే మీ పాకకు పిలవండి. కొమ్ములకు రంగు వేయడానికి, పశువుల మెడలో దండ కట్టడానికి అనుభవమున్న చెయ్యి కావాలి కదా.

తాగుడు మానే ప్రయత్నంలో ఉన్నవారికి కనుమ విందు గండమే. పిలిచేవారు ముందే చెప్పాలి: "మా ఇంట్లో మందు ఉండదు, నువ్వు రా." రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ, మతి తప్పి మాట్లాడటం రావచ్చు; అది ప్రాణాల మీదకు తెస్తుంది, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మానాలనుకునేవారు వైద్యుల పర్యవేక్షణలో మానడమే మంచిది. మత్తు మానడానికి సలహా కోసం 14446 నంబరు ఉంది.

ఒంటరివారిని భోజనానికి పిలిచేటప్పుడు వేళ, వచ్చేవారెవరో ముందే చెప్పండి. ఎప్పుడు లేచి వెళ్లినా ఏమీ అనుకోమని కూడా చెప్పండి. "అత్తయ్యా, పదకొండుకు నేనే వచ్చి తీసుకెళతాను, రెండింటికి దింపేస్తాను" అంటే రానన్నవారే రావడానికి సిద్ధమవుతారు. అయినా రానంటే బలవంతం వద్దు, క్యారియరు కట్టుకుని మీరే వెళ్లండి. రాత్రి డ్యూటీలో ఉన్న సెక్యూరిటీ మనిషికీ హాస్టల్ పిల్లలకూ ఆ క్యారియరే పండుగ.

8. ప్రమాదం కనబడితే

ఇక్కడ మొహమాటం పనికిరాదు. "నేను లేకపోతే అందరికీ మేలు" అనడం, ఆస్తి కాగితాలు, బాధ్యతలు ఉన్నట్టుండి అప్పగించడం, నిద్ర, తిండి మానేయడం, చాలా రోజుల కలత తర్వాత హఠాత్తుగా ప్రశాంతంగా కనిపించడం, వీటిలో ఏది గమనించినా ఇలా చేయండి.

1. పక్కకు తీసుకెళ్లి సూటిగా అడగండి: "అన్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. చాలామందికి ఆ ప్రశ్న ఊరటనిస్తుంది.
2. అవునంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి. వినండి.
3. ఒంటరిగా వదలకండి. రాత్రికి ఎవరు పడుకుంటారో అప్పుడే తేల్చండి.
4. ఇంట్లో, పాకలో ఉన్న పురుగుమందులు, మాత్రల నిల్వలు అక్కడి నుంచి తరలించి తాళం వేయండి.
5. టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఉచిత సేవ ఇది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మొదటిసారి మీరే వెంట వెళ్లండి.

ఎవరైనా ఏదైనా మింగినట్టు తెలిస్తే వెంటనే 108కి ఫోను చేయండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. మింగిన మందు డబ్బా వెంట తీసుకెళ్లండి, వైద్యులకు అది చాలా అవసరం. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఇంట్లోనే దాచి ఆలస్యం చేసి ప్రాణం పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూస్తుంది; శిక్ష బదులు వైద్యం, పునరావాసం అందించాలంటుంది.

9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

గుంపుగా వెళ్లడం. ఆరుగురు వెళితే ఆ ఇంటివారే కాఫీలు కలపాల్సి వస్తుంది. ఇద్దరు మించకండి. వెళ్లగానే వంటింట్లో గిన్నెలుంటే కడిగేయండి.

మీ కథ మొదలుపెట్టడం. "మా నాన్న పోయినప్పుడు నేను…" అని ఎత్తుకుంటే వారు మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. వారు అడిగితేనే చెప్పండి.

అందరికీ పంపిన శుభాకాంక్షల బొమ్మే వారికీ పంపడం. బదులుగా మీ చేత్తో రెండు వాక్యాలు: "ఈసారి శుభాకాంక్షలు చెప్పడం లేదు పిన్నీ. మిమ్మల్నే తలుచుకుంటున్నాను, రేపు మూడింటికి వస్తాను."

వస్తానని చెప్పి రాకపోవడం. పండుగ రోజున గుమ్మం వైపు చూస్తూ కూర్చున్న మనిషికి ఇది చాలా కష్టం. నమ్మకంగా వెళ్లగల పూటనే చెప్పండి. తప్పనిసరై ఆగిపోతే ఫోను చేసి కొత్త వేళ చెప్పండి.

మీ శక్తికి మించి తలకెత్తుకోవడం. వారి రాత్రి ఫోన్లతో మీ నిద్ర పోతుంటే ఇంకొకరిని కలుపుకోండి. ఎవరెవరు ఏ రోజులు చూస్తారో పంచుకోండి.

10. చుట్టాలు బస్సెక్కాక

ముక్కనుమ వెళ్లేసరికి బెంగళూరు, చెన్నై బస్సులు నిండిపోతాయి, ఇళ్లు ఖాళీ అవుతాయి. మొన్నటి దాకా చుట్టూ ఉన్నవారంతా వెళ్లిపోయిన ఆ మొదటి వారంలో కనీసం రెండుసార్లు వెళ్లండి. పండుగ విశేషాలు అడగకుండా మామూలు పనులు అడగండి: పాలవాడు వస్తున్నాడా, బ్యాంకు పని ఎంతదాకా వచ్చింది, పిల్లాడి పరీక్ష ఎప్పుడు.

తర్వాత క్యాలెండరు తీసి తేదీలు గుర్తుపెట్టుకోండి.

- ప్రతి నెలా మాసికం తిథి
- పోయినవారి పుట్టినరోజు, దంపతుల పెళ్లిరోజు
- అప్పు వాయిదా కట్టాల్సిన రోజు
- ఆసుపత్రికి మళ్లీ రమ్మన్న తేదీ
- ఉగాది
- సంవత్సరీకం. దీనికి వారం ముందే ఫోను చేసి అడగండి: "అక్కా, ఆ రోజు పాలు, పెరుగు నేను తెస్తాను. ఎన్ని లీటర్లు కావాలి?"